రెప్పకు వదలాల్సిన బట్ట

ఆ ఆస్పత్రిని ఆస్పత్రి అనడానికి కత్తెరక్కకు నోరు రాలేదు. మందుల వాసన లేదు, దగ్గే ముసలాళ్ళు లేరు, బల్లల మీద మూలిగేవాళ్ళు అసలే లేరు. కూర్చుంటే నడుం దాకా దిగబడే సోఫాలు, గాజు పలక వెనక నీళ్ళు జారే గోడ, ఎక్కడి నుంచో సన్నగా సంగీతం. గోడల నిండా కళ్ళ ఫొటోలు, జంటలు జంటలుగా, 'ముందు', 'తర్వాత'. ముందు ఫొటోల్లో ఆడవాళ్ళంతా ఇంట్లో ఎవరో పోయినట్టు చూస్తున్నారు. తర్వాత ఫొటోల్లో ఆ పోయినవాళ్ళ ఆస్తి చేతికొచ్చినట్టు చూస్తున్నారు. ముందు వాటికి లైటు వెయ్యలేదనీ, తర్వాత వాటికి కళ్ళ చుట్టూ రంగు దిద్దారనీ కత్తెరక్క గుమ్మంలోనే కనిపెట్టేసింది.

"రోగాల్లేని ఆస్పత్రి ఇప్పుడే చూడ్డం," అంది చెల్లెలితో, పక్క సోఫాలో ఉన్నామెకు కూడా వినపడేలా. "ఇక్కడికొచ్చేవాళ్ళ జబ్బు ఒంట్లో కాదు, బుర్రలో ఉంటుంది."

"మెల్లిగా అక్కా," అంది బుల్లి.

బుల్లికి నలభై మూడేళ్ళు. పెద్ద హోటల్లో ముందు కౌంటర్ దగ్గర నిలబడి, వచ్చేవాళ్ళకు గది తాళాలిచ్చి నవ్వే ఉద్యోగం. తల్లి పోయేనాటికి ఆమెకు తొమ్మిదేళ్ళు, అక్కకు ఇరవై. అప్పటి నుంచీ అక్కే జడ వేసి, బడికి పంపి, జ్వరం వస్తే పక్కన కూర్చుని, తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించి పెద్దదాన్ని చేసింది. అందుకని జుట్టు నెరిసినా బుల్లి బుల్లిగానే మిగిలిపోయింది.

కత్తెరక్క అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా లేదు. ముప్పై ఏళ్ళుగా బట్టలు సరిచేసే కొట్టు నడుపుతోంది. కొత్తవి కుట్టదు. వదులైనవి బిగిస్తుంది, బిగుతైనవి వదులు చేస్తుంది, పొడుగైనవి మడిచి కుడుతుంది. ఆ పేరు చేతిలో కత్తెర వల్ల వచ్చిందో నోట్లో కత్తెర వల్ల వచ్చిందో చెప్పడం కష్టం. కొట్లోకి అడుగుపెట్టిన మనిషిని ఒక్క చూపు చూసి "మీకు ఎడమ భుజం అరంగుళం కిందికుంది" అనేస్తుంది. నలభై ఏళ్ళుగా మోస్తున్న భుజం సంగతి ఆ క్షణాన తెలుసుకున్న ఆ పెద్దమనిషి చిన్నబోయి, ఎందుకొచ్చాడో మరిచిపోతాడు. తన కంటిని పోగు కూడా దాటిపోలేదని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని రోజుకు పదిసార్లు పైకి చెప్పుకోవడం అలవాటు.

వారం కిందట బుల్లి ఆ కొట్టుకే వచ్చి, మెషిను పక్కన స్టూలు మీద కూర్చుని, రెప్పలకు ఆపరేషన్ చేయించుకుంటానంది. హోటల్లో అడుగుపెట్టిన ప్రతివాడూ "నిద్ర లేదా, ఒంట్లో బాలేదా" అని అడుగుతున్నాడట. కొత్త మేనేజరు ఆమెను కౌంటర్ నుంచి తీసి వెనక గదిలో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టాలని చూస్తున్నాడట.

"వాడి కళ్ళకి చేయించుకోమను," అంది కత్తెరక్క, మెషిను ఆపకుండానే.

"రకాలు చాలా ఉన్నాయిటక్కా. ఏది చేయించుకోవాలో నాకు తేలట్లేదు. నువ్వు తోడు రా. మడతల సంగతి నీకంటే ఎవరికి తెలుసు?"

ఆ చివరి మాటకు కత్తెరక్క మెత్తబడింది. పొగడ్తలకు లొంగనని చెప్పుకునేవాళ్ళు ముందుగా లొంగేది పొగడ్తలకే. పైగా ఆమె ఉద్దేశం వేరు. వెళ్ళేది ఎంచడానికి కాదు, చెడగొట్టడానికి. తొమ్మిదేళ్ళ పిల్లప్పటి నుంచి సాకిన మొహాన్ని ఎవడో కత్తి పెట్టి కోస్తానంటే చూస్తూ ఊరుకోవడానికి ఆమె ఏమీ బొమ్మ కాదు.

ఇంతలో తెల్లకోటు వేసుకున్న అమ్మాయొకతె వచ్చి ఎదురుగా కూర్చుంది. పాతికేళ్ళుంటాయి. ముఖం మీద ఒక్క గీత లేదు, నవ్వినా పడటం లేదు. డాక్టరు కాదట, కౌన్సెలరట. కోటు భుజాల దగ్గర రెండంగుళాలు ఎక్కువుంది. ఎవరిదో తగిలించుకుందని కత్తెరక్క అక్కడికక్కడే తీర్పు చెప్పేసుకుంది, మనసులో.

"మేడమ్ కళ్ళు చాలా అలసిపోయాయి," అంది కౌన్సెలర్ ప్రేమగా.

"రోజూ పది గంటలు నిలబడితే కళ్ళేమిటి, కాళ్ళూ అలిసిపోతాయి. వాటికీ ఉందా ఆపరేషన్?" అంది కత్తెరక్క.

కౌన్సెలర్ నవ్వు చెక్కు చెదరలేదు. ఒళ్ళో ఉన్న టాబ్‌ని తిప్పి బొమ్మలు చూపించడం మొదలుపెట్టింది. మొదటి రకంలో కోత ఉండదట. పై రెప్పలోకి సన్నటి దారాలు దూర్చి, మడత వచ్చేలా ముడి వేస్తారట. మధ్యాహ్నం చేయించుకుంటే సాయంత్రానికి ఇంటికెళ్ళి కూర్చోవచ్చట.

"కచ్చా కుట్టన్నమాట," అంది కత్తెరక్క. "ఊడిపోతుంది."

"కొంతమందికి కొన్నేళ్ళకి కొంచెం వదులవ్వొచ్చు మేడమ్, అది నిజమే," అంటూ కౌన్సెలర్ రెండో బొమ్మకు వెళ్ళింది. ఇది కోత రకం. రెప్ప మీద మిగులు చర్మాన్ని నెలవంకలా కత్తిరించి, అంచులు కలిపి కుట్టేస్తారు. మచ్చ మడతలో దాక్కుంటుంది, భూతద్దం పెట్టినా కనిపించదు.

"కనిపించని కుట్టు నేనింతవరకు చూళ్ళేదు. నేనే కుట్టలేదు."

మూడోది కూడా అదే కోత, కత్తి బదులు లేజర్. నాలుగోది కింది రెప్పలకు. లోపలి వైపు నుంచి గీరి, కంటి కింద సంచుల్లో కొవ్వు తీసేస్తారు. కత్తెరక్క ఒక్కోదానికీ ఒక్కో పేరు పెడుతూ పోయింది. కింది రెప్పలది లైనింగ్ విప్పి దూది లాగడమంది. లేజర్‌ది కత్తెర పాతదే అయినా పిడికి మెరుపు కాగితం చుట్టడమంది. పక్క సోఫాలో ఆమె పత్రిక అడ్డం పెట్టుకుని నవ్వుకుంటోంది. ఆ నవ్వు కత్తెరక్కకు ఇంకా ఊపునిచ్చింది.

"ఇవేవీ చాలవనుకుంటే కనుబొమలు ఎత్తడం కూడా ఉంది," అంది కౌన్సెలర్. "నుదురు దగ్గర లాగి పైకి బిగిస్తే కళ్ళు పైకి లేస్తాయి."

"కళ్ళు నెత్తికెక్కడానికి కూడా ఆపరేషనా? మా ఇంటి ఓనరుకి ఉత్తినే ఎక్కాయే."

బుల్లి ఇన్ని మాటల మధ్య ఒక్కటీ అనలేదు. టాబ్‌లో బొమ్మల్ని చూస్తున్నది కూడా తక్కువే. మాటిమాటికీ అక్క మొహం వైపు చూస్తోంది. చివరికి "రెండోది," అంది. "కోత రకం. బాగా కనిపించేంత చెయ్యాలి. మడత లోతుగా, పైకి రావాలి."

"మంచి ఛాయిస్ మేడమ్," అంది కౌన్సెలర్. ఏది ఎంచుకున్నా ఆ మాటే అనేదని కత్తెరక్కకు తెలుసు. తన కొట్లో తనూ అంతే అంటుంది, కాకపోతే గొంతులో అంత తేనె పోయదు. కౌన్సెలర్ టాబ్ మీద ఫారం తెరిచి "జబ్బులేం లేవు కదా మేడమ్, మందులేం వాడట్లేదు కదా" అని తనే అడుగుతూ, జవాబు వచ్చేలోపు తనే వరసగా 'లేదు', 'లేదు', 'లేదు' అని వేలితో కొట్టుకుంటూ పోయింది. ఆఖరున బుల్లి చేత వేలితోనే సంతకం పెట్టించింది. డాక్టరుగారు ఖాళీగా ఉన్నారు గనక ఇవాళే చేసేస్తారట, ముప్పావు గంట పనట.

"పాంటు మడవడానికే రెండు రోజులు టైమడుగుతాను నేను," అంది కత్తెరక్క. ఈసారి ఆ గొంతులో వెటకారం పాలు తగ్గింది.

లోపలి గది చల్లగా, తెల్లగా ఉంది. బుల్లిని బల్ల మీద పడుకోబెట్టారు. అక్క పక్కనుండాలని ఆమె పట్టుబట్టడంతో కత్తెరక్కకు ఒక స్టూలిచ్చారు. డాక్టరు వచ్చాడు. చక్కటి మనిషి, చేతులు శుభ్రంగా ఉన్నాయి, జేబులో ఫోను నిమిషానికోసారి వణుకుతోంది. బుల్లి రెప్పను వేళ్ళతో పట్టి వదిలాడు, ఊదారంగు పెన్ను తీశాడు, రెండు రెప్పల మీదా రెండు నెలవంకలు గీసేశాడు. అంతా కలిపి టీ చల్లారేంతసేపు పట్టలేదు. గోడ మీద బొమ్మలోనూ అదే నెలవంక, మూల టేబుల్ మీద నమూనా బొమ్మకూ అదే నెలవంక.

"పడుకోబెట్టి కొలత తీసుకుంటారేంటండీ?" అంది కత్తెరక్క. "రోజంతా నిలబడే మనిషి. నిలబడితే చర్మం ఎక్కడికి జారుతుందో చూడొద్దా?"

"మేం కోసేది చర్మమండీ, చొక్కా కాదు," అన్నాడు డాక్టరు నవ్వుతూ. ఫోను మళ్ళీ వణికింది. "రెండు నిమిషాల్లో వస్తాను" అంటూ బయటికి వెళ్ళాడు.

కత్తెరక్క ఊరుకునే మనిషైతే అక్కడితో ఊరుకునేది. గీతల్లో తప్పు పట్టడానికి లేచి, పెద్ద దీపం కింద చెల్లెలి మూసిన కళ్ళ మీదికి వంగింది. గీత కుడివైపు కాస్త వంకరపోయింది. దొరికాడనుకుంది. ఆ తర్వాతే, ఊదా గీతకు కొంచెం కింద, మడత పడే చోట ఇంకో గీత కనిపించింది. అది పెన్నుతో గీసింది కాదు. చుట్టూ ఉన్న చర్మం కంటే పాలిపోయి, సన్నగా, కంటి చివర దాటి చెంప వైపు నూలు పోగంత సాగింది. దాని అంచున అక్కడక్కడ సూది దిగిన చుక్కలు.

ఇటువంటివి కత్తెరక్కకు రోజూ ఎదురయ్యేవే. కొంతమంది పాంటు తెచ్చి బల్ల మీద పడేసి, "కొత్తది, ఎవరూ ముట్టుకోలేదు, నడుం రెండంగుళాలు బిగించండి" అంటారు. ఆమె మాట్లాడకుండా తిరగేస్తుంది. విప్పిన కుట్టు తాలూకు బెజ్జాలు వరసగా కనిపిస్తాయి. కుట్టు లోపల మిగులుగా వదలాల్సిన బట్టను ఎవడో తెలివితక్కువవాడు అప్పటికే కత్తిరించి పారేసి ఉంటాడు. అలాంటి బట్టను ఆమె తీసుకోదు. ఎందుకంటే మళ్ళీ బిగిస్తే కూర్చున్నప్పుడు పర్రున చిరుగుతుంది, పేరు పోయేది ఆఖరున కుట్టినవాళ్ళకి. "కుట్టు విప్పొచ్చు, కోసింది తేలేను" అని తిప్పి పంపేస్తుంది.

ఇక్కడ బల్ల మీద ఉన్నది పాంటు కాదు. 

"బుల్లీ. దీన్ని ఇంతకు ముందు ఎవరు కుట్టారే?"

బుల్లి కళ్ళు తెరవలేదు. "దేన్ని?"

"తెలీనట్టు అడక్కు. నా దగ్గరా."

బుల్లి, "నాలుగేళ్ళయింది," అంది. "ఇక్కడ కాదు, ఇంకో చోట. డాక్టరుకి చెప్పకక్కా. చెప్తే చెయ్యడు."

"ఎందుకు చెప్పలేదు నువ్వు?"

"ఆ అమ్మాయి అడగలేదుగా. 'లేదు' అని తనే కొట్టేసింది. నేను ఊరుకున్నా."

"ఉన్నదే బొటాబొటిగా ఉంది. మళ్ళీ అంత కోస్తే కళ్ళు మూతపడవే. రాత్రిళ్ళు చేపలాగ తెరుచుకుని పడుకుంటావు. ఎండిపోతాయి, పుండ్లు పడతాయి. తర్వాత కౌంటరేంటి, ఫోన్ల దగ్గర కూడా ఎవడూ కూర్చోనివ్వడు."

"ఏం కాదు. చెప్పకు." బుల్లి చెయ్యి చాచి అక్క మణికట్టు పట్టుకుంది. చిన్నప్పుడు సూది మందు వేయించడానికి తీసుకెళ్తే పట్టుకున్నంత గట్టిగా పట్టుకుంది. చెబితే చెల్లెలు నలుగురిలో అబద్ధాలకోరవుతుంది, ఇక తన కొట్టు గుమ్మం తొక్కకపోవచ్చు. చెప్పకపోతే కళ్ళు పోతాయి. కత్తెరక్క మింగలేక కక్కలేక ఆ చేతిని చూస్తూ నిలబడింది.

డాక్టరు చేతి తొడుగులు వేసుకుంటూ వచ్చాడు. వెనకాలే కౌన్సెలర్.

"ఆగండి," అంది కత్తెరక్క. "దీన్ని ఇంతకు ముందే ఎవరో ఆల్టర్ చేశారు."

డాక్టరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక దీపం దగ్గరికి లాగి వంగాడు. ఈసారి ఫోను వణికినా పట్టించుకోలేదు. బుల్లిని లేపి కూర్చోబెట్టాడు. తను గీసిన నెలవంకంత చర్మాన్ని చిన్న పట్టకారుతో మడిచి పట్టుకుని, "కళ్ళు మూయండమ్మా" అన్నాడు. బుల్లి మూసింది. మూతపడలేదు. రెప్పకూ రెప్పకూ మధ్య సందులోంచి తెల్లగుడ్డు కనిపిస్తూనే ఉంది. గదిలో ఉన్న నలుగురిలో ముగ్గురు దాన్ని చూశారు.

"ముందే చెప్పాలి కదమ్మా," అన్నాడు డాక్టరు.

"ముందే అడగాలి కదా బాబూ," అంది కత్తెరక్క.

డాక్టరు పట్టకారును పళ్ళెంలో పెట్టేశాడు. పైరెప్పలో తియ్యడానికేమీ లేదనీ, గీసింది గీసినట్టు కోసుంటే చాలా ఇబ్బందయ్యేదనీ నెమ్మదిగా అన్నాడు. ఇబ్బంది అతనికో ఆమెకో చెప్పలేదు. కౌన్సెలర్ మాత్రం అప్పటికే టాబ్‌లో వేరే బొమ్మకు వెళ్ళిపోయింది.

"అయితే రివిజన్ ప్యాకేజీ ఉంది మేడమ్. లేదంటే కింది రెప్పలు చేసుకోవచ్చు, అవి ముట్టుకోలేదు కదా."

కత్తెరక్క ఆమెను ఎగాదిగా చూసింది. తర్వాత గిన్నెలోంచి తడిదూది తీసుకుని, చెల్లెలి రెప్పల మీది ఊదా గీతల్ని తనే తుడిచింది. "చెప్పులేసుకో," అంది.

బయట రోడ్డు మీద ఎండ మెత్తగా ఉంది. బస్టాపు దాకా ఉన్న రెండు వందల అడుగులూ కత్తెరక్క తిడుతూనే నడిచింది. డాక్టర్ని తిట్టింది, కోటు సరిపోని పిల్లని తిట్టింది, నీళ్ళు జారే గోడని తిట్టింది. అందర్నీ తిట్టాక చెల్లెలి దగ్గరికి వచ్చింది.

"ఒకసారి చేయించుకుంటే పిచ్చి అనుకోవచ్చు. రెండోసారి కూడానా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, నాకు తెలీదనుకున్నావా? నా దగ్గర దాచాలనుకుంటే దాగుతుందా?"

"దాచలేదు," అంది బుల్లి.

బస్టాపు బల్ల మీద కూర్చుంది. అక్క నిలబడే ఉంది.

"చెప్పకుండా చేయించుకున్న మాట నిజమే. రెండు వారాలు ట్రైనింగని చెప్పి వెళ్ళా. కానీ దాచలేదు. వచ్చిన రోజే మీ ఇంటికొచ్చా, నల్లద్దాలు పెట్టుకుని. అడుగుతావు, తీసి చూపిద్దామనుకున్నా. నువ్వు గుమ్మంలోనే ఆపి 'కళ్ళకలకా, నాకంటించకు, పో' అని చుక్కల మందు చేతిలో పెట్టి పంపించేశావు. పది రోజులాగి అద్దాల్లేకుండా వచ్చా. నా కాలర్ చూసి, 'ఈ కుట్టు ఎవడు వేశాడు, వెధవ కుట్టు' అన్నావు. నీ కొట్లో గంటన్నర కూర్చున్నా. హోటల్లోనూ అంతే. ఒక్కళ్ళు కూడా ఏంటి మారావే అనలేదు. వాళ్ళు పరాయివాళ్ళు, పోనీలే అనుకున్నా." బుల్లి అక్క వైపు తిరిగింది. "బుల్లిని కంటికి రెప్పలా పెంచానని అందరికీ చెప్తావు కదక్కా. నా రెప్పల వైపే చూళ్ళేదు నువ్వు. నాలుగేళ్ళు."

కత్తెరక్క చూపు రోడ్డు మీదికి తిప్పుకుంది.

"మేనేజరు సంగతి ఉత్తుత్తిదే," అంది బుల్లి. "ఈసారి అందరికీ కనిపించేంత చేయించుకుందామనుకున్నా. నీకు చెప్పకుండా మళ్ళీ చేయించుకుని, మళ్ళీ నువ్వు చూడకపోతే తట్టుకోలేననిపించింది. అందుకే నిన్ను తీసుకొచ్చా."

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది. ఊళ్ళోవాళ్ళ భుజాల ఎత్తుపల్లాలు నోటికి అప్పజెప్పే మనిషికి, పదిరోజులకోసారి వచ్చి స్టూలు మీద కూర్చునే సొంత చెల్లెలి మొహం గుర్తు తెచ్చుకుందామంటే తొమ్మిదేళ్ళ పిల్ల మొహమే వస్తోంది. ఆమెకు సిగ్గేసింది. ఆస్పత్రి గోడల మీది ఫొటోల్ని చూసి అన్ని మాటలన్న తన నోటిని తనే నొక్కేసుకోవాలనిపించింది.

బస్సు వచ్చింది. ఇద్దరూ ఎక్కలేదు. కత్తెరక్క చెల్లెలి పక్కన కూర్చుని, గడ్డం పట్టి తన వైపు తిప్పుకుంది. చాలాసేపు చూసింది. కంటి కింద ఉబ్బు ఉంది, ముక్కు పక్కన కొత్త గీత ఒకటి, కనుబొమలో రెండు తెల్ల వెంట్రుకలు.

"కుడి మడత ఒక పోగు ఎత్తుగా కుట్టాడు," అంది చివరికి.

"నాకు తెలుసు. రోజూ అద్దంలో చూస్తాను. నాకొక్కదానికే కనిపిస్తుందనుకున్నా."

"కళ్ళు మూయి."

బుల్లి మూసింది. రెండు రెప్పలూ కింది దాకా వచ్చి, సందు లేకుండా కలుసుకున్నాయి. ఎడమ కంటి చివర నుంచి నీళ్ళు చెంప మీదికి జారాయి. ఇంకో బస్సు వచ్చి, ఆగి, వెళ్ళిపోయింది.

"చాలా అక్కా? తెరవనా?"

"ఆగు," అంది కత్తెరక్క. "ఇంకా చూడలేదు."